తాళం వేసిన ఇల్లు సున్నా కాదు

మా వీధికి దోమల లెక్క తీసే ఆవిడ ఒకరు వస్తుంటుంది. చేతిలో టార్చి, చంకలో రిజిస్టరు, భుజానికి వేలాడే సంచిలో దోమ పురుగులను చంపే అబేట్ మందు సీసా. సంపు మూత ఎత్తి, టార్చి వేసి, నీళ్లు కదలకుండా నిలిచేదాకా అలాగే వంగి చూస్తుంది. వంకర్లు తిరుగుతూ పైకి తేలే పురుగు ఒక్కటి కనబడినా ఆ ఇంటికి 'ఉంది' అని రాస్తుంది, లేకపోతే 'లేదు'. మా ఎదురింటివాళ్లు కొడుకు దగ్గరికి వెళ్లి ఏడాదిగా అక్కడే ఉండిపోయారు. ఆ గేటు ముందు నిలబడి ఆవిడ రాసేది ఒకటే మాట: 'తాళం'.

చూసిన ఇళ్లలో నూటికి ఎన్నింట పురుగు ఉందో తేల్చి దాన్ని ఇళ్ల సూచిక అంటారు. తాళం వేసిన ఇల్లు ఆ భాగహారంలో పైనా ఉండదు, కిందా ఉండదు. అంటే మూసిన ఇళ్లూ తెరిచిన ఇళ్లలాంటివే అని ఎవరినీ అడక్కుండా ఒప్పేసుకున్నట్టే. తొట్టి మూత గాలికి లేచిపోయి, డాబా మీది కుండీలు వానకు నిండి, ఊడ్చే మనిషి లేని ఇల్లూ, పొద్దున్నే కడిగి ముగ్గేసే ఇల్లూ ఒకటేనట!

ఇంత పెద్ద ఊహను మనం ఊహ అనం. దాన్ని 'లెక్క' అంటాం. అదే ఎవరైనా ఆ మూసిన ఇళ్లలో ఏముండవచ్చో గణితం వేసి చెప్పబోతే మాత్రం 'ఊహాగానాలు' అని కొట్టిపారేస్తాం.

కోయంబత్తూరు తెలుగువాళ్లలో ఇంజనీర్లకూ డాక్టర్లకూ మిల్లు లెక్కలు చూసి రిటైరైనవాళ్లకూ కొదవ లేదు. పీళమేడు వైపు ఏ పెళ్లి పందిట్లో డెంగీ మాట వచ్చినా చివరికి తేలే తీర్పు ఒకటే. 'అసలు ఎంతమందికి సోకిందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు కంప్యూటర్లో జబ్బును నడిపించి చూస్తే ఏం తెలుస్తుంది? చెత్త పోస్తే చెత్తే వస్తుంది. ముందు లెక్కలు సరిచెయ్యండి, మోడళ్ల సంగతి తర్వాత.' మదురైలో విన్నా ఇదే, హైదరాబాదులో విన్నా ఇదే. వినడానికి ఎంతో అణకువగా, శాస్త్రబద్ధంగా ఉంటుంది. అందుకే దీన్ని ఎవరూ గట్టిగా ఎదిరించరు. నాకు మాత్రం ఇది తప్పుడు మాట అనిపిస్తుంది. పైగా, ఈ మాట అనేవాళ్లు తమ బతుకంతా దానికి విరుద్ధంగానే పనిచేసినవాళ్లు.

మిల్లులో నూలు కౌంటు ఎలా తేలుస్తారో వాళ్లకు నేను చెప్పాలా? కొన్ని కండెలు తీసి, 120 గజాల లీ చుట్టి, తూచి, మొత్తం సరుకు సంగతి చెబుతారు. గోడౌన్‌లో ఉన్న నూలంతా విప్పి కొలిచాకే కౌంటు చెబుతానన్నవాడికి ఆ సాయంత్రమే లెక్క తేల్చి ఇంటికి పంపుతారు. పంపుసెట్ల సంగతీ అంతే. బోరు అడుగున ఎన్ని నీళ్లున్నాయో చూసినవాడు లేడు. గంటసేపు తోడి, మట్టం ఎంత దిగిందో, మళ్లీ ఎంతసేపట్లో ఊరిందో చూసి ఎన్ని హార్స్‌పవర్ మోటారు వేయాలో చెబుతారు. నేల కింద కనబడని నీటికి కనబడే మట్టంతో లెక్క కట్టడం మోడల్ కాకపోతే మరేమిటి? దోమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ తెలివంతా ఎక్కడికి పోతుందో.

సరే, మోడల్ వద్దన్నవాళ్లు చేసేదేమిటో చూద్దాం. ఆసుపత్రి నుంచి ఒక కేసు కబురు వస్తుంది. ఆ వీధికి పొగబండి వెళుతుంది. కబురు రాని వీధికి వెళ్లదు. ఈ పద్ధతి వెనక కూడా ఒక మోడల్ ఉంది, పేరు పెట్టలేదంతే: 'కేసు రాసిన చోటే జబ్బు ఉంది, రాయని చోట లేదు, రోగి ఇల్లు ఎక్కడో కాటు అక్కడే.' తేదీలు వేసి చూస్తే దీని పస తెలుస్తుంది. డెంగీ రోగిని కుట్టిన ఈడిస్ దోమలో వైరస్ పెరిగి ఇంకొకరికి అంటించే స్థితికి రావడానికి సుమారు 8 నుంచి 12 రోజులు. కుట్టించుకున్న మనిషికి జ్వరం రావడానికి మరో 4 నుంచి 10 రోజులు. ఆ తర్వాత మాత్రలు మింగుతూ రెండు మూడు రోజులు, పరీక్షకు ఒకటి రెండు రోజులు, కాగితం కదలడానికి ఇంకొన్ని. పొగబండి వీధిలోకి వచ్చేసరికి మూడు వారాల కిందటి సంగతికి జవాబు చెబుతోందన్నమాట. పైగా ఈడిస్ పగలు కుట్టి, మంచం కిందా బట్టల వెనకా విశ్రాంతి తీసుకునే దోమ. వీధిలో పొగ దానికి పెద్దగా తగలదు.

ఇక రోగి చిరునామా. కోయంబత్తూరు ఆసుపత్రులకు తిరుప్పూరు, నీలగిరి, ఈరోడు, పాలక్కాడు నుంచి జనం వస్తారు. మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రికి తేని, దిండుగల్, విరుదునగర్, శివగంగ, రామనాథపురం నుంచి వస్తారు. ఆసుపత్రి జాబితాను ఊరి పటం మీద పరిస్తే కనబడేది దోమల పటం కాదు, బస్సు రూట్ల పటం.

మదురై పేరెత్తాను కాబట్టి అసలు కథ చెబుతాను. మోడళ్లను కొట్టిపారేసేవాళ్లు ముందుగా జవాబు చెప్పుకోవలసింది ఈ ఊరికే. భారత వైద్య పరిశోధన మండలి 1985లో మదురై చిన్న చొక్కికుళంలో కీటక వైద్య పరిశోధన కేంద్రం పెట్టింది. వరిమళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు తెచ్చే మెదడువాపు మీదా, బోదకాలు మీదా అక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది. ఇక డెంగీకి వస్తే, అది 1996 నుంచి సర్కారుకు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. అయినా 2006 నుంచి 2012 వరకు దేశం మొత్తం మీద నమోదైంది ఏడాదికి సగటున 20,474 కేసులు. నూరు కోట్లు దాటిన దేశానికి ఇరవై వేలు! షెపర్డ్, త్యాగి తదితర పరిశోధకులు మదురై జిల్లాలో ఒక అధ్యయనం చేసి, ఎన్ని కేసులు లెక్కలోకి రాకుండా జారిపోతున్నాయో చూసి, నిపుణుల అంచనాలూ కలిపి, 2014లో ఒక అంకె ప్రకటించారు. ఏడాదికి 57,78,406. నమోదైనదానికి 282 రెట్లు.

వెంటనే వచ్చిన ఆక్షేపణ అందరికీ తెలిసిందే. ఒక్క జిల్లాను చూసి, కొందరు నిపుణులను అడిగి, దేశానికంతటికీ హెచ్చవేస్తారా? ఆక్షేపణలో బలం ఉంది, కాదనను. ఏడో అంకె దాకా రాసిన ఆ కచ్చితత్వం నాకూ నచ్చలేదు. 'యాభై ఏడు లక్షల పైచిలుకు' అంటే సరిపోయేది. కాబట్టి సగానికి కోయండి, 141 రెట్లు. చాలదా, పదో వంతుకు తెగ్గోయండి, 28 రెట్లు. అప్పటికీ ఏడాదికి ఐదు లక్షల డెబ్బై వేలు దాటుతుంది. అధికారిక అంకెను నిలబెట్టాలంటే ఒకటి దాకా కోసుకుంటూ పోవాలి. అంటే డెంగీతో మంచాన పడి, వీధి చివర క్లినిక్‌లో సెలైను ఎక్కించుకుని, ఏ కాగితం మీదా ఎక్కకుండా లేచి తిరిగినవాడు దేశంలో ఒక్కడూ లేడని నమ్మాలి. అదే అధ్యయనం ప్రకారం వైద్యం ఖర్చులో 80 శాతం ప్రైవేటు చోట్ల పెడుతున్నదే. ఇప్పుడు చెప్పండి, గాలిలో మేడలు కట్టేదెవరు? 282 అన్నవాడా, ఒకటి అన్నవాడా?

'సోకినవాళ్ల లెక్క లేదు' అన్నది కూడా సగం నిజమే. లెక్క కాగితాల్లో లేకపోవచ్చు, రక్తంలో ఉంది. డెంగీ ఒకసారి సోకితే దాని యాంటీబాడీలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. 2017–18లో చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆధ్వర్యంలో 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో 12,300 మంది రక్తం పరీక్షించారు. 5–8 ఏళ్ల పిల్లల్లో 28.3 శాతానికి, 9–17 వాళ్లలో 41 శాతానికి, 18–45 వాళ్లలో 56.2 శాతానికి అప్పటికే డెంగీ సోకి ఉంది. దక్షిణాదిన అన్ని వయసులూ కలిపి 76.9 శాతం.

ఈ అంకెలతో మోడల్ అంటే ఏమిటో సిగరెట్ పెట్టె వెనక వేసి చూపించవచ్చు. 5–8 ఏళ్ల పిల్లలు సగటున ఏడేళ్లు ఈ దోమల మధ్య బతికారనుకుందాం. నూటికి 72 మంది తప్పించుకున్నారు. ఏటా ఎంతమందికి సోకితే ఏడేళ్లకు 72 మంది మిగులుతారు? 100ని 0.95తో ఏడుసార్లు గుణిస్తే 70 వస్తుంది. అంటే ఇంతవరకు సోకని పిల్లల్లో ఏటా నూటికి ఐదుగురికి కాస్త తక్కువగా సోకుతోంది. ఒక్క కేసు కాగితం చూడకుండా, ఒక్క ఆసుపత్రి మెట్లెక్కకుండా ఏడాది సోకుడు రేటు వచ్చేసింది. ఇప్పుడు ఇదే రేటును ముప్ఫై ఒకటేళ్ల మనిషి దాకా నడిపించండి. నూటికి 77 మందికి సోకి ఉండాలి. సర్వే చెప్పింది 56. తేడా ఎందుకొచ్చింది? పెద్దవాళ్ల చిన్నతనంలో డెంగీ ఇంత లేకపోయి ఉండవచ్చు. లేదా కొన్ని చోట్ల విపరీతంగా, కొన్ని చోట్ల అరకొరగా ఉన్నదాన్ని కలిపి సగటు తీయడం వల్ల గీత వంగి ఉండవచ్చు. ప్రాంతాలవారీగా విడదీసి మళ్లీ లెక్క వేస్తే ఏది ఎంతో తేలుతుంది. అంకెలు కుదరని చోటే కొత్త ప్రశ్న పుట్టింది చూశారా. కేసుల పట్టిక పదేళ్లు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా ఈ ప్రశ్న తట్టదు.

చెన్నైలోనూ 2011లో వెయ్యి మంది రక్తంతో ఇలాంటి పనే చేశారు. నూటికి 93 మందిలో డెంగీ జాడ కనబడింది. ఇంకా సోకనివాళ్లలో ఏటా 23 శాతానికి సోకుతోందనీ, ఊరు మొత్తం మీద ఏటా 2,28,000 సోకుళ్లు ఉండవచ్చనీ లెక్క తేలింది. ఆ దశకంలో తమిళనాడు ఎక్కువగా అల్లాడిన 2017లో రాష్ట్రమంతటా నమోదైన కేసులు 23,294. సోకినవాళ్లలో నూటికి డెబ్బై ఐదుగురికి జబ్బు తెలియకుండానే పోతుంది కాబట్టి చెన్నై అంకెను నాలుగుతో భాగించండి: 57,000. ఒక్క ఊరు ఒక మామూలు ఏడాదిలో, రాష్ట్రం గడ్డు ఏడాదిలో చెప్పినదానికి రెండింతలకు పైగా. ఇంకొకటి. అదే రాష్ట్రంలో 2016లో నమోదైనవి 2,531. మరుసటి ఏడాదికి తొమ్మిది రెట్లయ్యాయి. అందులో దోమల వాటా ఎంత, భయపడి పరీక్షలకు పరిగెత్తిన జనం వాటా ఎంత? రెండింటినీ విడదీసే గణితం వద్దంటే, ఇక మిగిలేది అసెంబ్లీలో అరుచుకోవడమే.

ఇంతవరకు చెప్పింది లెక్క జారిపోవడం గురించి. డెంగీలో అంతకంటే గమ్మత్తైన సంగతి, ఆ జారిపోవడం గుడ్డిగా జరగదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాన్ని నడిపిస్తుంది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకితే ఆ రకం నుంచి ఇంచుమించు జీవితాంతం రక్షణ, మిగతావాటి నుంచి కొన్నాళ్లే. తర్వాత ఇంకో రకం వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గాని చంపలేవు. పైగా వైరస్‌ను రక్తకణాల్లోకి చెయ్యి పట్టి తీసుకెళతాయి. రక్తస్రావం, షాకు ఎక్కువగా వచ్చేది ఈ రెండోసారే. యాంటీబాడీలు బొత్తిగా లేనివాళ్ల కంటే, దండిగా ఉన్నవాళ్ల కంటే, నడిమిరకంగా ఉన్న పిల్లలకే ప్రమాదమని నికరాగువాలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2017లో చెప్పారు. ఇక పరీక్షల సంగతి. జ్వరం మొదటి ఐదు రోజుల్లో వైరస్ ప్రొటీన్‌ను వెతికే ఎన్ఎస్1, ఆ తర్వాత యాంటీబాడీలను వెతికే ఐజీఎం. రెండోసారి సోకినవాళ్లలో పాత యాంటీబాడీలు అడ్డుపడి ఎన్ఎస్1 తరచు దొరకదు, ఐజీఎం కూడా మందకొడిగా లేస్తుంది. ఎవరికి ప్రాణం మీదికి వస్తుందో వాళ్లనే పరీక్ష ఎక్కువగా తప్పుతుందన్నమాట. 'తక్కువైనా ఉన్న లెక్కతో సర్దుకుందాం, పోకడ తెలుస్తుంది కదా' అనే పెద్దమనుషులు ఇక్కడే బోర్లా పడతారు. పోయినవి ఏవో నాలుగు కండెలు కావు. తెగే నూలున్న కండెలే పోయాయి.

కాబట్టి సోకుడు మోడల్లో ఒంటి రక్షణను కూడా కలపాలి. ఎవరికి ఎన్నోసారి, ఏ రకం తర్వాత ఏ రకం, మధ్య ఎన్నాళ్లు, ఆ దశలో పరీక్షకు దొరికే అవకాశమెంత. ఇందులో సగం నేరుగా కొలవలేం. కొలవలేనిదాన్ని ఒక అంకెగా బిగించకుండా 'ఇంత నుంచి ఇంత దాకా' అని వదిలి, వేలసార్లు నడిపించి, రక్తం సర్వేతో ఆసుపత్రి జాబితాతో పొసగనివాటిని తీసేస్తూ పోతారు. చివరికి మిగిలేది ఒక గీత కాదు, గీతల గుంపు. ఆ గుంపు ఎంత వెడల్పుగా ఉందో మన అజ్ఞానం అంత.

ఇదంతా పండితుల కాలక్షేపం అనేవాళ్లు ఫిలిప్పీన్స్ కథ వినాలి. 2016 ఏప్రిల్‌లో అక్కడి బడి పిల్లలకు డెంగ్‌వాక్సియా టీకా మొదలుపెట్టారు. ఎనిమిది లక్షల మంది దాటారు. టీకా పరీక్షల్లో పాల్గొన్న వేలమందిలో టీకాకు ముందు రక్తం తీసింది కొద్దిమంది దగ్గరే. అంటే ఎవరికి అంతకుముందు డెంగీ సోకిందో చాలామటుకు తెలియదు. అసంపూర్ణ సమాచారం అంటే ఇంతకంటే ఉంటుందా? ఆ కొద్ది సమాచారంతోనే నీల్ ఫెర్గూసన్ అనే పరిశోధకుడి బృందం మోడల్ కట్టి, ఇంతవరకు సోకనివాడికి ఈ టీకా చడీచప్పుడు లేని మొదటి సోకుడులా పనిచేస్తుందనీ, డెంగీ తక్కువగా ఉన్న చోట ఆసుపత్రి పాలయ్యేవాళ్లు పెరుగుతారనీ 2016 సెప్టెంబరులో ప్రచురించింది. మరుసటి ఏడాది నవంబరులో టీకా తయారుచేసిన కంపెనీయే ఆ సంగతి ఒప్పుకుంది. పూర్తి లెక్కలు వచ్చేదాకా ఆగుదాం అన్న పద్నాలుగు నెలల్లో సూదులు మాత్రం ఆగలేదు.

ఎదుటివాళ్ల చేతిలో ఒక మంచి బాణం ఉంది, దాన్ని దాచను. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు అంటువ్యాధుల లెక్కకు ఇప్పటికీ అందరూ వాడే సమీకరణాలు రాసి, 1905–06 బొంబాయి ప్లేగు మరణాల వారపు లెక్క మీద గీత గీశారు. అతికినట్టు సరిపోయింది. కానీ ప్లేగు కథలో ఎలుకలున్నాయి, వాటి మీద బతికే పురుగులున్నాయి. సమీకరణాల్లో అవేవీ లేవు. గీత సరిపోయినంత మాత్రాన కారణం సరిపోయినట్టు కాదు. డెంగీలోనూ 'దోమలు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ' అన్న ఊరూ, 'దోమలు ఎక్కువ, రాసేవాళ్లు తక్కువ' అన్న ఊరూ ఒకే కేసుల గీత ఇస్తాయి. ఏది నిజమో కేసులు చూసి మోడల్ చెప్పలేదు. చెప్పానన్నవాడు అబద్ధమాడినట్టే. మదురై చుట్టుపక్కల ఇంకో చిక్కు కూడా ఉంది: మెదడువాపు వైరస్ డెంగీకి దాయాదే కాబట్టి ఒకదాని యాంటీబాడీలు ఇంకోదాని పరీక్షలో తగులుతాయి.

అయితే, ఆ రెండు ఊళ్లను విడదీయాలంటే ఏం కావాలో చెప్పింది ఎవరు? ఏ వయసు పిల్లల దగ్గర, సుమారు ఎన్ని రక్తపు చుక్కలు తీస్తే సందేహం తీరుతుందో తేల్చేది ఎవరు? మోడలే. ముందు లెక్కలు, తర్వాత మోడల్ అనేవాళ్లు బండిని ఎడ్లకు ముందు కట్టారు. ఏ లెక్క తీయడం దండగో, ఏది తీయకపోతే మునుగుతామో తెలియకుండా లెక్కలు సరిచేయడమంటే మరో పదివేల రిజిస్టర్లు అచ్చు వేయించడమే.

మన తెలుగువాళ్లకు ఇంకో పాత జ్ఞాపకం ఉండాల్సింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆ రోజును ఏటా తలుచుకుంటాం, బేగంపేటలో ఆయన భవనం చూపిస్తాం. తర్వాత జరిగింది మరిచిపోయాం. లాహోరు దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమలు తగ్గించే ప్రయోగం చేసి, ఫలితం లేదు, దోమలన్నిటినీ చంపడం కుదరదు, ఈ పని దండగ అని పెద్దలు తీర్పు ఇచ్చారు. రాస్ జవాబు గణితంతో చెప్పాడు: అన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి దించితే చాలు, మలేరియా దానంతటదే సన్నగిల్లుతుంది. ఆయన దగ్గర కంప్యూటరూ లేదు, ఇంటింటి రక్త పరీక్షలూ లేవు. పిల్లల పొట్ట తడిమి ఉబ్బిన ప్లీహాలు లెక్కపెట్టడం నాటి కొలత. ఆ అరకొర కొలతతో కట్టిన ఆలోచన మీదే దోమల జబ్బుల గణితమంతా లేచింది.

లెక్కలో లేకపోతే జరగనట్టే అన్న వాదం 2006లో ఎక్కడిదాకా పోయిందో రాయలసీమవాళ్లు మరిచిపోలేరు. చికున్‌గున్యాతో దేశంలో పదమూడు లక్షల మందికి పైగా మంచాన పడ్డారు; అధికారిక మరణాలు సున్నా. అహ్మదాబాదులో పరిశోధకులు మామూలు ఏళ్ల మరణాలతో పోల్చి చూస్తే ఆ ఆగస్టు–నవంబరుల్లో 2,944 మరణాలు ఎక్కువ తేలాయి. అన్నీ చికున్‌గున్యావే అని ఎవరూ అనలేరు. సున్నా అని మాత్రం ఎలా అంటారు?

లెక్కలోకి రానివాళ్లు మనలోనూ ఉన్నారు. మన తెలుగు సంఘాల సభల్లో 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలుపెట్టి ఎవరెవరు ఎప్పుడు మదురై వచ్చారో, ఎవరు కోయంబత్తూరులో ఏ మిల్లు పెట్టారో పూసగుచ్చినట్టు చెబుతారు. ఆ ఊళ్ల వీధులు ఊడ్చే అరుంధతీయులు ఇంట్లో మాట్లాడేది తెలుగేనని మాత్రం ఎవరూ ఎత్తరు. కూలి పోతుందని జ్వరంతోనే చీపురు పట్టే మనిషి ఏ ఆసుపత్రి జాబితాలో పడతాడు? కేసులు రాని చోటికి మందు పోదనే పద్ధతిలో, వాళ్ల కాలనీ పటం మీద ఆరోగ్యంగా మెరుస్తుంది. లెక్కలోని ఈ ఖాళీలు అందరికీ సమానంగా పడవు. అసంపూర్ణ లెక్కను ఉన్నదున్నట్టు వాడటం నిష్పక్షపాతం అనేవాళ్లకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మొన్న ఆవిడ మళ్లీ వచ్చింది. మా సంపు చూసి, 'లేదు' అని రాసి, ఎదురింటి గేటు దగ్గర ఆగి, కాలి మునివేళ్ల మీద లేచి, లోపలికి టార్చి వేసింది. రిజిస్టరులో 'తాళం' అని రాసింది. ఆ మాట పక్కనే పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది.

"ఆ చుక్కేమిటమ్మా?" అన్నాను.

"సంపు మూత సగం తీసుండాది సార్. గోడ పైనుంచి చూస్తిని. పక్కింటి పెద్దమ్మ గూడా పగలు కుట్టే దోమ జాస్తిగా ఉండాది అన్నిది. వచ్చే తూరి ఆ పక్క నాలుగిండ్లు ముందు చూస్తాను," అని రిజిస్టరు చంకలో పెట్టుకుని పక్క సందులోకి తిరిగింది.